సాల్ట్ పాయింట్‌లో ఒడ్డు నుంచి డైవ్ చేయొచ్చా? ముందు బయటికొచ్చే దారి చూసుకోండి

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. అండమాన్‌లో, హ్యావ్‌లాక్‌లో (2018 నుంచి స్వరాజ్ ద్వీప్) ఓపెన్ వాటర్ సర్టిఫికెట్ తీసుకున్నారు. మొత్తం 14 డైవ్‌లు, అన్నీ పడవ మీంచే. ఇప్పుడు కాలిఫోర్నియాలో, ఫ్రీమాంట్‌లో ఉంటున్నారు. అంతే అనుభవం ఉన్న స్నేహితుడితో కలిసి సోనోమా తీరంలో సాల్ట్ పాయింట్‌కి వెళ్లి, గైడ్ లేకుండా, రాళ్ల మీంచి దిగి ఆదివారం రెండు డైవ్‌లు చేయాలనుకుంటున్నారు. సోమవారం పొద్దున్నే డల్లాస్ ఫ్లైట్. ఏమేం తీసుకెళ్లాలి, షార్క్‌ల సంగతేంటి, కారు తాళం ఎక్కడ పెట్టాలి అని అడిగారు.

సూటిగా చెప్తాను. ఇప్పుడున్న అనుభవంతో, మీరిద్దరే అయితే, వద్దు. ఎప్పటికీ వద్దని కాదు. ముందు మాంటరేలో బ్రేక్‌వాటర్ దగ్గర, అంటే సాన్ కార్లోస్ బీచ్‌లో, ఓ పది డైవ్‌లు చేయండి. వాటిలో మొదటి రెండు మూడు అక్కడి ఇన్‌స్ట్రక్టర్‌తో. ఆ తర్వాత సెప్టెంబర్, అక్టోబర్‌లో సముద్రం పడుకున్న రోజు చూసుకుని, ఆ చోటు తెలిసిన మనిషిని వెంటబెట్టుకుని సాల్ట్ పాయింట్‌లోని గెర్‌స్టిల్ కోవ్‌కి (కోవ్ అంటే చిన్న అఖాతం) వెళ్లండి. అప్పుడైతే మీకు నచ్చుతుంది కూడా. ఇప్పుడెళ్తే ఆ చలికీ బరువుకీ రెండో నిమిషంలోనే ఊపిరందక వెనక్కొచ్చేస్తారు, అదీ మీ అదృష్టం బాగుంటే.

నేను ఇన్‌స్ట్రక్టర్‌ని కాను, డైవ్‌మాస్టర్‌ని మాత్రమే. పుట్టి పెరిగింది భీమిలి. 2011 నుంచి ఈ తీరంలో దిగుతున్నాను. మొదట్లో అబలోనీల (రాళ్లని అంటుకుని ఉండే పెద్ద సముద్రపు నత్తలు) కోసం ట్యాంక్ లేకుండా ఊపిరి బిగబట్టి దిగేవాణ్ణి (స్కూబాతో వాటిని తియ్యకూడదనేది రూలు), తర్వాత పూర్తిగా స్కూబా. కాబట్టి కింద చెప్పేదంతా ఈ తీరంలో దెబ్బలు తిని నేర్చుకున్నది. కొన్నిచోట్ల మీ పుస్తకంలో ఉన్నదానికి తేడాగా ఉండొచ్చు.

మీకు అలవాటైన డైవ్‌లో బయటికి రావడమంటే నిచ్చెన పట్టుకోవడం. పైన ఒక కుర్రాడు ఫిన్స్ అందుకుంటాడు, ఇంకొకడు ట్యాంక్ లాగుతాడు, బిస్కెట్లు ఇస్తారు. ఇక్కడ నిచ్చెన లేదు, కుర్రాడూ లేడు. మీరు దిగిన రాయి మీరు తిరిగొచ్చేసరికి అలాగే ఉంటుందన్న హామీ కూడా లేదు. అందుకని నా పద్ధతి ఒకటే: బయటికొచ్చే చోటు ఖాయం చేసుకున్నాకే లోపలికి దిగే చోటు వెతుకుతాను. అది కుదరకపోతే వాడుకోడానికి రెండో చోటు కూడా చూసి పెట్టుకుంటాను. రెండూ దొరక్కపోతే ఆ రోజు డైవ్ లేదు, ఎంత దూరం నుంచి వచ్చినా సరే.

ఇది నాకు ఊరికే తట్టిన జ్ఞానం కాదు. 2014లో, సాల్ట్ పాయింట్‌కి కొంచెం ఉత్తరాన, నేనూ మా బడ్డీ (డైవ్‌లో జతగాడు) ఒక బల్లపరుపు రాయి మీంచి దూకాం. నీళ్లు రాయి అంచుకి జానెడు కిందే ఉన్నాయి. అల పైకొచ్చినప్పుడు ఒక్క అడుగు ముందుకేస్తే చాలు, లోపలికెళ్లిపోయాం. ఇంత తేలికా అనుకున్నాం. యాభై నిమిషాల తర్వాత తలెత్తి చూస్తే ఆ రాయి గోడలాగా నిలబడి ఉంది. పాటు మొదలై నీటిమట్టం దిగిపోయింది, పైగా స్వెల్ (దూరపు సముద్రం నుంచి వచ్చే అలల ఊపు) కాస్త పెరిగింది. ఇందాక మాకు కనపడని రాతి పక్కభాగమంతా బయటపడింది, దానినిండా నల్లటి మస్సెల్స్ (ఆల్చిప్పల్లాంటివి), బ్లేడు ముక్కలు అతికించినట్టు. అల మమ్మల్ని దాని మీదికి విసిరినట్టే విసిరి వెనక్కి లాగేది. ఒకసారి ప్రయత్నించి మోకాలు కోసుకున్నాను. 7 మిల్లీమీటర్ల నియోప్రీన్ (సూట్‌కి వాడే రబ్బరు) తెగి, లోపల చర్మం కూడా తెగింది. అప్పటికి నా ట్యాంక్‌లో గాలి 700 పీఎస్‌ఐ (గాలి ఒత్తిడి కొలత) ఉంది, మా వాడి దగ్గర ఇంకా తక్కువ. పక్క కోవ్ దాకా ఉపరితలం మీదే ఈదుకుంటూ పోయి, గులకరాళ్ల ఒడ్డున తేలేసరికి ముప్పావుగంట పట్టింది. ఒడ్డున కూర్చుని ఇద్దరం ఒక్క మాట మాట్లాడుకోలేదు. దూకినంత తేలికగా ఎక్కలేమని చిన్నప్పుడు బావి దగ్గరే తెలిసి ఉండాల్సింది.

ఆ రోజు నుంచి గాలి లెక్క మార్చుకున్నాను. 3000 పీఎస్‌ఐతో దిగితే, బయటికొచ్చే చోటుకి చేరేసరికి 1000 మిగలాలి. 500తో పైకి రావడం పడవ లెక్క. ఆ మిగిలిన గాలి రెండో చోటు దాకా పోవడానికి, లేదా అలల కింద నుంచి, రెగ్యులేటర్ (ట్యాంక్ గాలి పీల్చే గొట్టం) నోట్లో పెట్టుకునే, ఒడ్డుకి పాకడానికి.

ఇక సముద్రాన్ని చదవడం. బయల్దేరే ముందు రాత్రి అందరూ అలల ఎత్తు చూసి, "మూడడుగులే కదా" అని సంబరపడతారు. ఎత్తు కంటే ముందు పీరియడ్ చూడండి, అంటే ఒక అలకీ తర్వాతి అలకీ మధ్య ఎన్ని సెకన్లో. 8 సెకన్ల అలలకి లోతైన నీటిలో పొడవు సుమారు 100 మీటర్లు, 16 సెకన్ల వాటికి సుమారు 400. అల కదలిక దాని పొడవులో సగం లోతు దాకా అందుతుంది. అంటే 16 సెకన్ల అల 200 మీటర్ల లోతు నుంచే నేలని తాకుతూ వస్తుంది. ఒడ్డుకొచ్చేసరికి ఆ బలమంతా కుదించుకుని, బోయ్ (సముద్రంలో తేలుతూ అలల్ని కొలిచే పరికరం) దగ్గర మూడడుగులున్నది మీ ముందు ఆరడుగులై లేస్తుంది. నీటి అడుగున సర్జ్, అంటే అల వల్ల నీళ్లు ముందుకీ వెనక్కీ ఊగడం, కూడా అలాగే ఉంటుంది. 30 అడుగుల లోతులో మిమ్మల్ని ఎత్తి పది అడుగులు ముందుకి, మళ్లీ పది అడుగులు వెనక్కి. ఉయ్యాల అనుకుని ఆనందించొచ్చు, పక్కన రాయి లేకపోతే.

ఇంకొకటి. బోయ్ చెప్పే ఎత్తు అన్నిటికంటే పెద్ద అలది కాదు. మొత్తం అలల్లో అన్నిటికంటే పెద్దవైన మూడో వంతు వాటి సగటు అది. ఒక్కో అల దానికి దాదాపు రెట్టింపు కూడా ఉండొచ్చు. నేను చూసేవి బోడేగా బే బోయ్ (46013), పాయింట్ అరేనా బోయ్ (46014). నా సొంత గీత: 4 అడుగుల లోపు, 10 సెకన్ల దరిదాపుల్లో, గాలి 10 నాట్ల లోపు ఉంటే వెళ్తాను. 6 అడుగులు దాటితే కారు తీయను. మధ్యలో ఉంటే వెళ్తాను గానీ డైవ్ అవుతుందని ఇంట్లో చెప్పను.

దిక్కు కూడా ముఖ్యం. గెర్‌స్టిల్ కోవ్‌కి వాయవ్యం నుంచి వచ్చే స్వెల్‌కి సాల్ట్ పాయింట్ రాతిముక్కు అడ్డం ఉంటుంది. అందుకే ఆ తీరంలో మిగతాచోట్ల కంటే అక్కడ నిమ్మళం. కానీ ఎండాకాలంలో దక్షిణార్ధగోళం తుఫాన్ల నుంచి బయల్దేరిన అలలు వారం పైగా ప్రయాణించి దక్షిణం నుంచి వస్తాయి, 16 నుంచి 20 సెకన్ల పీరియడ్‌తో. చూడ్డానికి ఏమీ ఉండదు. నీళ్లు అద్దంలా ఉంటాయి, పావుగంటకోసారి మూడు నాలుగు పెద్దవి వరసగా వచ్చి కోవ్ అంతా కడిగేసి పోతాయి, మళ్లీ అద్దం. ఇక్కడ రాళ్ల మీద నిలబడి ఫొటోలు తీసుకునేవాళ్లని లాక్కెళ్లేవి ఇలాంటివే.

అందుకే కనీసం 20 నిమిషాలు పైనుంచి కూర్చుని చూడండి, సూట్ వేసుకోకముందే. సూట్ వేసుకున్నాక మనసు "పర్లేదులే" అనడం మొదలెడుతుంది. మా ఊళ్లో తెప్ప మీద వేటకెళ్లే తాత ఒకాయన ఉండేవాడు. తెప్ప నీళ్లలోకి తోసేముందు ఇసుకలో గొంతుక్కూర్చుని చుట్ట కాల్చేవాడు. నేను చుట్ట కోసమే కూర్చున్నాడనుకునేవాణ్ణి. అడిగితే "కెరటాలు లెక్కెడతన్నాన్రా" అన్నాడు. పెద్దవి వరసగా వచ్చి పోయాక దొరికే సందు కోసం చూసేవాడు. ఆయన చుట్ట అయిపోయే టైమూ నా 20 నిమిషాలూ ఇంచుమించు ఒకటే.

కాలాల గురించి కూడా ఒక మాట. మార్చి నుంచి జూన్ దాకా వాయవ్య గాలులు పైనీటిని తోసేస్తే అడుగు నుంచి చల్లటి నీళ్లు పైకొస్తాయి. ఆ నీటిలో పోషకాలెక్కువ, నాచు పూస్తుంది, చూపు ఐదారడుగులకి పడిపోతుంది. అండమాన్‌లో పడవ మీంచి అడుగు కనిపించిన అలవాటుతో ఇక్కడ మే నెలలో దిగితే పచ్చి బఠాణీ సూప్‌లో దిగినట్టుంటుంది. సెప్టెంబర్ నుంచి నవంబర్ మొదటి తుఫాను దాకా మంచి కాలం. అప్పుడు కూడా పొద్దున్నే, మధ్యాహ్నానికి గాలి లేస్తుంది.

చలి. హ్యావ్‌లాక్‌లో 28, 29 డిగ్రీల నీళ్లు, 3 మిల్లీమీటర్ల సూట్, కొందరైతే టీ షర్ట్. ఇక్కడ 10 నుంచి 13 డిగ్రీలు, సంవత్సరమంతా అటూ ఇటూగా. 7 మిల్లీమీటర్ల రెండు పొరల సూట్, హుడ్, గ్లవ్స్, బూట్లు, లేదంటే డ్రైసూట్ (లోపలికి నీళ్లు రానివ్వని సూట్). అంత నియోప్రీన్ తేలకుండా ఉండాలంటే సీసం కావాలి. అక్కడ నాకు 8 పౌండ్లు సరిపోయేవి, ఇక్కడ 26. ట్యాంక్, బీసీడీ (గాలి నింపుకుని తేలే జాకెట్), సీసం అన్నీ కలిపి 35 కిలోల దాకా మోస్తూ, బండరాళ్ల మీద, నాచు మీద, మెడ కూడా తిప్పలేని హుడ్‌తో నడవాలి. నీళ్లలోకి వెళ్లేసరికే రొప్పు. ఆ రొప్పుతోనే దిగితే, మొహానికి ఆ చల్లనీళ్లు తగలగానే ఊపిరి ఇంకా పైపైకొస్తుంది. చాలామంది కొత్తవాళ్లకి టెన్షన్ మొదలయ్యేది అక్కడే, అలల దగ్గర కాదు. నేను నీటి అంచున ఆగి, మొహం మీద నీళ్లు చల్లుకుని, ఊపిరి మామూలయ్యేదాకా ఊరికే నిలబడతాను. బడ్డీ తొందరపెడితే వాణ్ణీ నిలబెడతాను.

ఆ సూట్ ఇంకో పని చేస్తుంది. 33 అడుగుల దగ్గర ఒత్తిడి రెట్టింపవుతుంది, నియోప్రీన్‌లోని బుడగలు సగానికి నలుగుతాయి, సూట్ పల్చబడి మీరు బరువెక్కుతారు. పైకొచ్చేటప్పుడు తిరగబడి తేలికవుతారు. 3 మిల్లీమీటర్ల సూట్‌లో ఈ తేడా మీకు తెలిసి ఉండదు. బ్రేక్‌వాటర్ దగ్గర పది డైవ్‌లు చేయమన్నది ముఖ్యంగా ఇందుకే. అక్కడ ఇసుక ఒడ్డు, గోడ చాటు, తప్పు చేసినా పెద్దగా నష్టం లేదు. (మాంటరే వైపు వెళ్లాక ఎవరైనా కార్మెల్‌లో మానస్టరీ బీచ్ బాగుంటుందంటే ఇప్పుడే తలూపకండి. చూడ్డానికి ఇసుక ఒడ్డే. కానీ వాలు నిటారు, ఇసుక బఠాణీ గింజల్లా పాదం కింద జారిపోతుంది, కెరటం సరిగ్గా కాళ్ల దగ్గర విరుగుతుంది. డైవర్లు దాని పేరు మార్చి మార్చురీ బీచ్ అంటారు.)

సాల్ట్ పాయింట్‌లో దిగే పద్ధతికి వస్తే, గెర్‌స్టిల్‌లో రాయి మీంచి దూకక్కర్లేదు, గుండ్రాళ్ల ఒడ్డు నుంచి నడిచే దిగొచ్చు. మాస్క్ మొహానికి, రెగ్యులేటర్ నోట్లో, బీసీడీలో కొంచెం గాలి. ఫిన్స్ చేతికి తగిలించుకుని మోకాళ్ల లోతు దాకా పక్కకి తిరిగి, పాదాలు ఈడుస్తూ వెళ్లండి. పాదం ఎత్తితే గుండ్రాయి మీద జారుతుంది. మోకాళ్ల లోతు దాటాక నిలబడాలని పట్టుపట్టకండి, బోర్లా పడుకుని జారిపొండి. హుందాగా దిగాలనుకున్నవాళ్లే ఎక్కువ పడతారు.

వచ్చేటప్పుడు కూడా అంతే. కెరటం అందని చోటు దాకా మాస్క్, రెగ్యులేటర్, ఫిన్స్ ఏవీ తియ్యొద్దు. మోకాళ్ల మీద, చేతుల మీద పాకుతూ రండి. ఒడ్డున పిక్నిక్‌కి వచ్చిన కుటుంబాలు చూస్తాయి, చూడనివ్వండి. మా బృందంలో ఒకతను, బాగా ఈదేవాడే, మోకాళ్ల లోతుకి రాగానే లేచి నిలబడి, రెగ్యులేటర్ తీసి, మా వైపు తిరిగి "సూపర్ డైవ్ బ్రో" అన్నాడు. వీపు సముద్రం వైపు. వెనక వచ్చిన అల మోకాళ్ల వెనక కొట్టింది, కూలబడ్డాడు, తర్వాతిది వెనక్కి లాగింది. ఆ బరువుతో తిరగబడ్డ తాబేలులా కాళ్లూ చేతులూ ఆడించడం తప్ప ఏమీ చేయలేకపోయాడు. ఇద్దరం చెరో భుజం పట్టుకుని లాగాం. నడుం లోతు కూడా లేని నీళ్లలో అంత నీళ్లు తాగాడు. రాత్రంతా దగ్గుతూనే ఉన్నాడు. ఆసుపత్రికి తీసుకెళ్తామంటే రానన్నాడు, మేమూ గట్టిగా పట్టుబట్టలేదు. అది మా తప్పు. నీళ్లు ఊపిరితిత్తుల్లోకి పోతే వెంటనే డాక్టర్‌కి చూపించాలి.

పైకొచ్చి చూస్తే ఒడ్డు దగ్గర అలలు పెరిగిపోయాయనుకోండి. అప్పుడు మీ బుద్ధి ఒడ్డు వైపే లాగుతుంది. లొంగొద్దు. లోతు వైపు వెనక్కి వెళ్లండి, బీసీడీ నింపండి, తేలండి. లోతులో అలలు కిందికీ పైకీ ఊపుతాయి తప్ప కొట్టవు. కొట్టేది రాళ్ల దగ్గరే. పెద్దవి పోయేదాకా ఆగి, సందు చూసుకుని రండి, లేదా రెండో చోటుకి వెళ్లండి. మరీ అవసరమైతే సీసం వదిలేయండి. సీసం దుకాణంలో దొరుకుతుంది. ఎర్రటి సర్ఫేస్ మార్కర్, విజిల్, చిన్న కత్తి ఇద్దరి దగ్గరా ఉండాలి.

కత్తి కెల్ప్ (చెట్టంత పొడవు పెరిగే సముద్రపు నాచు) కోసం. మాంటరేలో ఉండేది ఎక్కువగా జెయింట్ కెల్ప్. దాని కాడని గట్టిగా మడిస్తే చిక్కుడుకాయలా పుటుక్కున తెగుతుంది. సోనోమాలో ఉండేది బుల్ కెల్ప్. రబ్బరు గొట్టంలాంటి కాడ, చేత్తో తెగదు. చిక్కుకుంటే గిరగిరా తిరగొద్దు, ఆగి, బడ్డీని పిలిచి, ఒక్కొక్కటే తప్పించండి. నిజానికి ఇప్పుడు చిక్కుకునేంత కెల్ప్ చాలాచోట్ల లేదు. 2013లో సముద్రనక్షత్రాల జబ్బు మొదలైంది. ఊదారంగు అర్చిన్లని (ముళ్ల బంతుల్లాంటి సముద్రజీవులు) తినే సన్‌ఫ్లవర్ స్టార్‌లు అనే పెద్ద సముద్రనక్షత్రాలు కళ్లముందే కరిగిపోయాయి. ఆ వెంటనే 2014–16 మధ్య సముద్రం అసాధారణంగా వేడెక్కింది. అర్చిన్లు పెరిగిపోయి ఉత్తర కాలిఫోర్నియా బుల్ కెల్ప్‌లో 90 శాతం పైగా మేసేశాయి. తిండి లేక అబలోనీలు చచ్చిపోయాయి. 2018 నుంచి అబలోనీ వేట మూసేశారు, ఇంకా తెరవలేదు. ఆ జబ్బు ఒక విబ్రియో బాక్టీరియా వల్ల అని 2025లో గానీ తేలలేదు. 2012లో ఆకుల సందుల్లోంచి ఎండ చారలుగా దిగే చోట ఊపిరి బిగబట్టి వేలాడిన చోటే, ఇవాళ దిగితే రాళ్లనిండా ఊదారంగు ముళ్లు. ఖాళీ అబలోనీ చిప్పలు కనిపిస్తే గెర్‌స్టిల్‌లో మాత్రం అవి కూడా తీయకండి. అది సముద్ర రిజర్వ్, అక్కడి నుంచి ఏదీ తీయకూడదు. అయినా చూడ్డానికి మిగిలింది తక్కువేం కాదు. బండల కింద లింగ్‌కాడ్, క్యాబెజాన్ చేపలు, పిడికిలంత పచ్చటి అనెమనీలు, ఒక్కోసారి ఫిన్ కొరికి చూసే హార్బర్ సీల్ పిల్లలు. నేను తిరిగేది 20 నుంచి 35 అడుగుల మధ్యే. అంతకంటే లోతుకి పోవాల్సిన పని పడలేదు.

షార్క్‌ల గురించి అడిగారు. బోడేగా బే, ఫారలోన్ దీవులు, బిగ్ సర్ మధ్య ప్రాంతాన్ని రెడ్ ట్రయాంగిల్ అంటారు, తెల్ల షార్క్‌లు ఉన్నాయి. సాల్ట్ పాయింట్ దానికి కాస్త ఉత్తరం. అయితే ఈ తీరంలో డైవర్లు పోయింది ఎక్కువగా మునిగిపోయి, అలసిపోయి, గుండె ఆగి. షార్క్ మీద పెట్టే భయంలో సగం స్వెల్ మీద పెడితే చాలు.

ఫోన్ పనిచేయదు అనుకునే వెళ్లండి. జెన్నర్ దాటాక హైవే 1 మీద సిగ్నల్ రావడం పోవడమే. ఆఖరిసారి ఎక్కడ గీతలు కనిపించాయో వెళ్లేటప్పుడే చూసి గుర్తుపెట్టుకోండి. ఐఫోన్ 14, ఆ తర్వాతవాటిలో శాటిలైట్ ఎమర్జెన్సీ ఉంది, దాన్ని ఎలా వాడాలో ఇంటి దగ్గరే ఒకసారి డెమో చేసి చూసుకోండి. మూడో మనిషి ఒకరు ఒడ్డున ఉండాలి. డైవర్ కానక్కర్లేదు, బైనాక్యులర్స్ పట్టుకుని కుర్చీలో కూర్చునే ఓపిక ఉంటే చాలు. వాళ్లకి ఒక కాగితం మీద రాసివ్వండి: ఎన్నింటికి దిగాం, ఎన్నింటికి రావాలి, ఎంత ఆలస్యమైతే 911కి చెప్పాలి, కోవ్ పేరేంటి. సోనోమా షెరిఫ్ హెలికాప్టర్ ఈ కొండల అంచుల నుంచి తాడుతో మనుషుల్ని లాగుతుంది, దాని పేరు హెన్రీ 1. కానీ పొగమంచు ఉంటే అది రాలేదు, ఎండాకాలంలో ఇక్కడ పొగమంచు లేని పొద్దు తక్కువ.

ఇక మీ చిన్న ప్రశ్నలు. ఫ్లైట్: రెండు డైవ్‌ల తర్వాత కనీసం 18 గంటలు ఆగాలన్నది డ్యాన్ (డైవర్స్ అలర్ట్ నెట్‌వర్క్ అనే డైవర్ల భద్రతా సంస్థ) సూచన. ఆదివారం మధ్యాహ్నం 2కి రెండో డైవ్ ముగిస్తే సోమవారం ఉదయం 8 దాకా విమానం ఎక్కకూడదు. మీది పొద్దున్నే అంటున్నారు, కాబట్టి డైవ్ శనివారానికి మార్చుకోండి లేదా టికెట్ మార్చుకోండి. ఈ ఒక్క కారణం చాలు ఈసారి మానుకోడానికి, వేరేవి అక్కర్లేదు.

తిండి: ఫ్రీమాంట్ నుంచి మూడు గంటల పైనే డ్రైవ్, జెన్నర్ తర్వాత మలుపులకి కడుపులో తిప్పుతుంది. నీళ్లలో వాంతి వస్తే రెగ్యులేటర్ నోట్లో ఉంచుకునే కక్కేయొచ్చు, చేశాను, కానీ ముచ్చటైన అనుభవం కాదు. పొద్దున్న తేలిగ్గా తినండి. ఒక ఫ్లాస్క్‌లో వేడినీళ్లు పెట్టుకోండి, తాగడానికి కాదు, దిగేముందు గ్లవ్స్‌లో పోసుకోడానికి. వచ్చాక వేళ్లు మొద్దుబారి బక్కిల్ కూడా ఊడదు. మా ఆవిడ కట్టిచ్చిన పులిహోర డబ్బా మూత తీయలేక పక్క కారువాళ్లని అడిగిన రోజులున్నాయి. ఒకసారైతే ఎనిమిది మందిమి నాలుగు కార్లలో వెళ్లి, 20 నిమిషాలు చూసి, ఎవరూ సూట్ బ్యాగ్ జిప్ కూడా తీయకుండా, పార్కింగ్‌లోనే పులిహోర తినేసి, ఫోర్ట్ రాస్‌లో 1812 నాటి రష్యన్ల కోట చూసుకుని వచ్చేశాం. ఆ కోట కింది కోవ్‌లోనే 1908లో పొమోనా అనే ఆవిరి ఓడ మునిగింది, దాని ఇనుము ఇంకా అడుగున ఉంది. అది చూడాలని ఆ రోజూ అనుకున్నాం. కుదిరింది మాత్రం రెండేళ్ల తర్వాత.

కారు తాళం: రిమోట్ ఉన్న తాళం ఉప్పునీళ్లలో చచ్చిపోతుంది, "వాటర్‌ప్రూఫ్" సంచి అన్న మాట నమ్మి నేను రెండు పోగొట్టుకున్నాను. బంపర్ కింద, టైర్ మీద దాచొద్దు, దొంగలు ముందు వెతికేది అక్కడే. రిమోట్ లేని మామూలు తాళం ఒకటి చేయించుకుని (మీ కారుకి కుదురుతుందో లేదో చూసుకోండి) సూట్ లోపల మెడకి తాడు కట్టి వేసుకోండి. లేదంటే ఒడ్డున కుర్చీలో కూర్చున్న మనిషి జేబులో వేయండి.